కింది ఇంటి కప్పు మీద మందారం

ఫిబ్రవరి 5, ఆదివారం

కాయ నిలిచింది.

నిలుస్తుందని నాకు ముందే తెలుసు. డ్రమ్ములోని తెల్ల మందారం మీద పొగరంగు మందారం పుప్పొడి అద్దిన ఉదయమే మా ఆవిడతో చెప్పాను, "ఇది రాలదు చూడు" అని.

"కిందటిసారీ అదే అన్నారుగా" అంది.

కిందటిసారి వేరు. కిందటిసారి పుప్పొడి తడిగా ఉంది, నా మనసు పొడిగా ఉంది. ఈసారి రెండూ ఉండవలసినట్టే ఉన్నాయి. మొగ్గ విచ్చీ విచ్చకముందే రేకులు తుంచి, దాని సొంత పుప్పొడి ఒక్క రేణువు కూడా తగలకుండా గిల్లేసి, పువ్వు నాలుక చివరి ఎర్ర చుక్కల మీద కుంచెతో అద్దాను. తేనెటీగ వాలకుండా పల్చటి గుడ్డ చుట్టాను. తొడిమకి ఎర్ర దారం కట్టాను. ఇప్పుడు గుడ్డ విప్పి చూస్తే బఠాణీ గింజంత పచ్చటి కాయ. రాలినవాటిని నేను లెక్క పెట్టను. నిలిచినదాన్ని బట్టే మాట్లాడతాను.

రంగు కూడా నాకు తెలుసు. వాన పడబోయే ముందు మబ్బు ఎలా ఉంటుందో అది. బూడిదలో ఊదా కలిసిన రంగు. రేకుల అంచున సన్నటి తెల్ల గీత. అలాంటి మందారం ఎవరి పెరట్లోనూ లేదు.

నర్సరీ అతను నవ్వాడు. "ఆ రెండింటికీ పడదు అయ్యగారూ. అత్తాకోడళ్ళ లాంటివి."

"నేను సంధి కుదర్చడానికే పుట్టానయ్యా" అన్నాను.

ఈరోజు కూడికలో నా ప్రసంగం, బైబిల్లో మామ మందలో చారల గొర్రెల్ని పుట్టించుకున్న అల్లుడి మీద. గొంతు బస్‌స్టాప్ దాకా వినిపించిందట. అయ్యాక మా రిటైర్డ్ గుమాస్తా లేచి అడిగాడు. "రెండు రకాల విత్తనాలు ఒకే పొలంలో కలపకూడదని రాసుంది కదా బ్రదర్, మరి మీ మందారాల సంగతేంటి?"

"నాది పొలం కాదు, డ్రమ్ము" అన్నాను.

హాలంతా నవ్వింది. వాక్యం ఎప్పుడూ చేతికి అందేంత దూరంలో ఉంచుకోవాలి. నన్ను ఏ బడీ బోధకుణ్ణి చేయలేదు. బస్సు డిపోలో టైర్లు విప్పుతూ, బిగిస్తూ, మధ్యలో చదువుకున్నాను. అంతా ఇక్కడుంది, తలలో.

ఫిబ్రవరి 8, బుధవారం

కాయకి ఎండ బాగా తగలాలని డ్రమ్ము కాస్త తిప్పబోయాను. తిరగలేదు. బరువెక్కింది. మంచిదే.

రోజూ చెక్క నీళ్ళు పోస్తున్నాను. వేరుశనగ చెక్క బకెట్లో పులియబెట్టి, నీళ్ళు కలిపి, ఉదయం డిపోకి వెళ్ళేముందు ఓ రెండు చెంబులు.

"ఈ కంపుకి మన ఇంటికి దొంగ కూడా రాడు" అంది మా ఆవిడ.

"చూశావా, కాపలా కూడా ఉచితం" అన్నాను.

ఫిబ్రవరి 14, మంగళవారం

కింది ఇంటి టైలరమ్మ పైకి వచ్చింది. మా గది ముందున్న ఖాళీ డాబా వాళ్ళ వెనక గదికి కప్పు. ఆ గదిలో వాళ్ళమ్మ పడుకుని ఉంటుంది. ముసలావిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి మంచమే లోకం.

"అన్నయ్యగారూ, అమ్మ మంచం పైన కప్పు చెమ్మగిల్లుతోందండీ. పెచ్చులు లేస్తున్నాయి."

"వానలే లేవు కదమ్మా."

"లేవండీ. అందుకే మీ దగ్గరికి వచ్చాను." డ్రమ్ము వైపు చూసింది.

"ట్యాంకు పైపు అయ్యుంటుంది. పాత ఇల్లు."

"ట్యాంకు అటు మూల కదండీ."

"చెల్లెమ్మా, నీళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో ఎవరు చెప్పగలరు?"

"ఒక్క వారం మీరు నీళ్ళు ఆపితే తెలిసిపోతుంది కదండీ."

వారం! ఈ ఎండకి రెండు రోజులు నీళ్ళు లేకపోతే మందారం ముందు కాయనే రాల్చేస్తుంది. ఆకుల్ని కాపాడుకుని పిల్లల్ని వదిలేసే జాతి. ఆమెకి అన్నీ వివరించాను. కాయలేని అంజూరపు చెట్టుని నరికేయమంటే, ఇంకొక్క ఏడాది చూద్దామని యజమానిని బతిమాలిన తోటమాలి కథ చెప్పాను. కాయని చెట్టుకే ఏడాది గడువు దొరికితే, కాసిన చెట్టుకి రెండు నెలలు దొరకవా? అలా విడమరిచి చెప్తే ఎవరైనా ఒప్పుకోవలసిందే.

"రెండు నెలలాండీ" అంది.

"మీ అమ్మగారి కోసం ప్రతి గురువారం వచ్చి ప్రార్థన చేస్తాను" అన్నాను.

డ్రమ్ము వైపు ఇంకోసారి చూసింది. సంతృప్తిగానే దిగి వెళ్ళింది.

ఫిబ్రవరి 16, గురువారం

వెళ్ళాను. ముందు గదంతా మిషను, గుడ్డలు కత్తిరించే బల్ల, జాకెట్ల కోసం కూర్చున్న ఆడవాళ్ళు. వెనక గదిలో మంచం పడితే మనిషి నిలబడటానికి మిగిలేది ఓ చాప వెడల్పు. గుమ్మంలోనే కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. మంచి ప్రార్థన. మాటలు వాటంతట అవే వచ్చాయి.

మంచం మీద ఓ గిన్నె ఉంది. రోగి ఉన్న గదిలో గిన్నె ఉండటం మామూలే.

ఫిబ్రవరి 17, శుక్రవారం

ట్యాంకు పైపే.

ఫిబ్రవరి 25, శనివారం

కాయ ఉసిరికాయంత అయ్యింది. పైన సన్నటి నూగు. వేలితో తాకను, చూపుతోనే నిమురుతాను.

ఇంటి ఓనరమ్మ మేస్త్రీని పంపింది. అతను డాబా అంతా తిరిగి, కాలి బొటనవేలితో అక్కడా ఇక్కడా తట్టి, డ్రమ్ము దగ్గర ఆగాడు.

"దీన్ని జరిపితే చూస్తానండీ."

"కాయ పండాక జరుపుతాను."

"ఎప్పుడు పండుద్ది?"

"పగిలేదాకా ఆగాలి. ఇంకో నెలన్నర అనుకో."

తల గోక్కున్నాడు. "వాన కోసం ఆగాను అయ్యగారూ. సిమెంటు కోసం ఆగాను. కాయ కోసం ఆగడం ఇదే మొదలు."

"ఆగినవాడికే ఫలం" అన్నాను.

"మరి కింద ముసలామె?"

ఆమె కోసం ప్రార్థన జరుగుతోందని చెప్పాను. అతను తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పనివాళ్ళకి ప్రతిదీ తవ్వాలనే ఉంటుంది.

మార్చి 2, గురువారం

ఈరోజు జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. అంత సంతోషం.

ఈరోజు డిపోలో సెలవు పెట్టి ఉదయం పూటే వెళ్ళాను. మొక్కలకి నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని, సరాసరి కిందికి. ముసలావిడ మంచం పక్కన మోకరించాను. కళ్ళు మూసుకున్నాను. ఈ ఎండిన గది మీద నీ కృప కుమ్మరించు ప్రభువా, ఒక్క చుక్క చాలు, అని అడిగాను. అలాగే అడిగాను, ఆ మాటలతోనే. నా మెడ వెనక, కాలరు దగ్గర, చల్లగా ఒక చుక్క పడింది.

ఒళ్ళు ఝల్లుమంది. కళ్ళు తెరవలేదు. తెరవాలనిపించలేదు. ఎన్నేళ్ళ నుంచో నలుగురికీ చెప్తూ వచ్చినది నా మెడ మీదికే వచ్చింది.

"పడిందా నాయనా?" అంది ముసలావిడ.

"పడింది పెద్దమ్మా! పడింది!"

"నాకు రోజూ పడుతుంది" అంది, చాలా మామూలుగా.

ఏం విశ్వాసం! మంచం దిగలేని మనిషి. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మార్చి 5, ఆదివారం

సాక్ష్యం చెప్పాను. దాచుకోవడానికి నాకేం హక్కు? ఆ గది, ఆ మంచం, నేను అడిగిన ఒక్క చుక్క, నా మెడ మీద దిగిన ఒక్క చుక్క. హాలు లేచి నిలబడింది. స్తోత్రం, స్తోత్రం అని కిటికీ అద్దాలు అదిరాయి. ఇన్నాళ్ళూ నా ప్రతి మాటకీ అడ్డు ప్రశ్న వేసే గుమాస్తా కూడా చేతులు ఎత్తాడు. అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఆ గదిలోకి నన్నూ ఓసారి తీసుకెళ్ళండి బ్రదర్, నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నాడు.

"గురువారం రండి" అన్నాను.

దారంతా మా ఆవిడ మాట్లాడలేదు.

"ఏంటలా ఉన్నావు?"

"మొన్న మీ చొక్కా నేనే ఉతికాను."

"అయితే?"

"కాలరు రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది."

"అయితే?"

"ఏం లేదు. పదండి, ఎండగా ఉంది."

మార్చి 6, సోమవారం

కాలరు సంగతి ఎందుకు ఎత్తింది?

మార్చి 7, మంగళవారం

కాయ బాగుంది. ఇవాళ మూడు చెంబులు పోశాను.

మార్చి 9, గురువారం

గుమాస్తాని సాయంత్రం రమ్మన్నాను. ఉదయం నేనొక్కణ్ణే ముందుగా వెళ్ళి గదిని సిద్ధం చేద్దామనుకున్నాను. నీళ్ళు పోసి దిగాను.

గ్రంథం తెరిచి ముసలావిడ మంచం అంచున పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. టప్ మంది. ఈసారి నా మీద కాదు. కళ్ళు తెరిచాను. తెరిచిన పేజీ మధ్యలో చుక్క. అక్షరాల మీద గోధుమరంగులో పాకుతోంది. వాసన వచ్చింది. ప్రపంచంలో ఎవరూ పోల్చుకోలేకపోయినా నేను పోల్చుకునే వాసన. నేనే నానబెట్టి, నేనే కలిపి, ఉదయాన్నే పోసిన చెక్క నీళ్ళు.

అప్పుడు పైకి చూశాను.

రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి. కప్పు మీద మంచమంత మరక. మధ్యలో బూడిద కలిసిన ఊదా. అంచు పొడవునా ఉప్పు పేరుకున్న సన్నటి తెల్ల గీత. నా మనసులోకి వచ్చిన మొదటి మాట: ఈ రంగే.

రెండో మాట రావడానికి చాలాసేపు పట్టింది.

ముసలావిడ మీద దుప్పటి లేదు. వానకోటు గుడ్డలు అతికి కూతురు కుట్టిన పొడవాటి ముసుగు ఉంది, మెడ దాకా. అంచులు చక్కగా మడిచి, డబుల్ కుట్టు వేసి. పొట్ట మీద గిన్నె. నేను ఇన్ని వారాలుగా మామూలే అనుకున్న గిన్నె.

"పెద్దమ్మా, ఇది ఎప్పట్నుంచి?"

"నువ్వు నీళ్ళు పోశాక కాసేపటికి మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఆగుతుంది. ఆదివారం నువ్వు తొందరలో ఉంటావు కదా, ఆరోజు తక్కువ."

"ఇన్నిసార్లు వచ్చాను. ఒక్కసారి చెప్పకూడదా?"

"చెప్పానుగా, రోజూ పడుతుందని. నువ్వు ఏడ్చావు. ఇంకేం చెప్పను?"

తడిసిన పేజీని చొక్కా అంచుతో అద్దాను. ఆవిడే అంది.

"నువ్వు కళ్ళు మూసుకుని చేసుకుంటావు నాయనా ప్రార్థన. నాకు కళ్ళు తెరిస్తే కనపడేది అదొక్కటే."

ముందు గదిలో మిషను చప్పుడు ఆగింది. టైలరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గిన్నె తీసి, కిటికీలోంచి ఒంపి, మళ్ళీ పెట్టింది. వెళ్ళి మిషను తొక్కుకుంది.

సాయంత్రం గుమాస్తా వచ్చాడు. నాకు ఒంట్లో బాగాలేదని మా ఆవిడ చేత చెప్పించాను.

మార్చి 10, శుక్రవారం

నీళ్ళు తగ్గించి చూడొచ్చు. ఒక్క చెంబు.

డ్రమ్ము కింద పళ్ళెం పెట్టొచ్చు. పెట్టబోయాను. డ్రమ్ము వెంట్రుకవాసి కూడా లేవలేదు. గడ్డపలుగు పెట్టి కాస్త ఎత్తి, బోర్లా పడుకుని చూశాను. అడుగున నేను నీళ్ళు పోవడానికి చేసిన కన్నంలోంచి వేరు దిగింది. నా బొటనవేలంత లావు. దిగి, నేరుగా శ్లాబు పగుల్లోకి వెళ్ళిపోయింది. నా మొక్క కొంతకాలంగా డ్రమ్ములో లేదు. ముసలావిడ కప్పులో ఉంది.

బరువెక్కింది, మంచిదే, అని రాసుకున్నాను నెల కిందట.

వేరు కోస్తే కాయ ఉండదు. అది నాకు వాక్యమంత ఖాయంగా తెలుసు.

మంచం గోడవైపు జరిపితే? మధ్యాహ్నం వెళ్ళి చూశాను. గోడవైపే ఉంది. ముందు గదిలోకి మారిస్తే? గుమ్మంలో పట్టదు, పట్టినా మిషను బయట పెట్టాలి, మిషను బయట పెడితే వాళ్ళు తినేదేమిటి. పగులు మైనంతో పూడిస్తే? వేరు చుట్టూ మైనం నిలవదు. ఇంకొక్క నెల. కాయ పగలడానికి ఒక్క నెల. ముసలావిడకి ప్లాస్టిక్ ముసుగు ఉంది.

ఈ చివరి వాక్యం నేనే రాశాను. కొట్టేయను. ఉండనీ.

అంజూరపు చెట్టు కథ మళ్ళీ తీసి చదివాను. ఆ తోటమాలి గడువు అడిగింది చెట్టు కోసమే. కానీ ఆ చెట్టు ఎవరి మంచం మీదా కారడం లేదు. ఇన్నేళ్ళలో ఆ కథ మీద ఎన్ని ప్రసంగాలు చేశానో! ఎవరూ కింద పడుకుని ఉన్నవాళ్ళ గురించి అడగలేదు. నేనూ అడగలేదు.

మార్చి 11, శనివారం

డిపో నుంచి రంపం తెచ్చాను. మేస్త్రీకి కబురు పంపాను.

"నువ్వు డ్రమ్ము వాల్చి పట్టుకో" అన్నాను మా ఆవిడతో.

"కాయ?"

"పట్టుకో."

ఆమె పట్టుకుంది. గోడకి కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి. చొక్కా విప్పి, బోర్లా పడుకుని కోశాను. మెత్తటి వేరు, మనిషి వేలు కోసినట్టే ఉంది. పాలు కారలేదు, నెత్తురు కారలేదు. జిగురు కారింది.

"కాలరు ఉతికిన రోజే నీకు తెలుసు" అన్నాను, కిందనుంచే.

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఎప్పుడైనా వినేలా ఆగారా?"

అది నిజం కాదు. ఆగుతాను. మాట పూర్తి కాగానే ఆగుతాను.

డ్రమ్ము జరిగింది. కింద డాబా మీద గుండ్రటి తడి మచ్చ, మధ్యలో పగులు, పగుల్లో తెగిన వేరు. మేస్త్రీ వచ్చి చూసి ఈల వేశాడు. "ఇంత లోపలికి పోయిందాండీ! ఇంకో ఏడాది ఆగుంటే మందారం కింది గదిలో పూసేది."

"పూడ్చు" అన్నాను.

"కాయ పండిందా అయ్యగారూ?"

"పూడ్చవయ్యా బాబూ."

మార్చి 12, ఆదివారం

లేచి నిలబడ్డాను. పాటలు అవ్వగానే, ఎవరూ పిలవకముందే. ఇలాంటివి చల్లారితే చెప్పలేం.

"పోయిన ఆదివారం నేను చెప్పిన చుక్క పైనుంచే పడింది. మా డాబా మీదనుంచి. అది నా మందారానికి పోసిన చెక్క నీళ్ళు. ఒక ముసలావిడ పొట్ట మీద గిన్నె పెట్టుకుని రోజూ పడుతున్న నీళ్ళు. నేను దాన్ని అభిషేకం అన్నాను. కళ్ళు మూసుకుని ఉన్నాను కాబట్టి అన్నాను. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను."

వెనక వరసలో ఎవరో నవ్వి, దగ్గినట్టు సర్దుకున్నారు.

గుమాస్తా లేచాడు. లేవకపోతే నాకే లోటుగా ఉండేది. "మరి మేం చెప్పిన స్తోత్రాలు, బ్రదర్?"

"నాకు చెప్పారా, దేవుడికి చెప్పారా?"

"దేవుడికే."

"అయితే చెల్లుతాయి. నావే చెల్లవు. కూర్చోండి."

కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రసంగం చేశాను. చేయకుండా ఎలా ఉంటాను? పొరుగువాడు ఎవరు అనే ప్రశ్న మీద. పొరుగువాడు పక్కింట్లోనే ఉంటాడని ఎవరు చెప్పారు, నీ కాళ్ళ కింద కూడా ఉంటాడు, అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బస్‌స్టాప్ దాకా పోయిందో లేదో తెలియదు. అడగలేదు.

మార్చి 13, సోమవారం

ఆకులు వాలాయి. కాయ తొడిమ దగ్గర పసుపు.

మార్చి 14, మంగళవారం

ఉదయం కాయ డ్రమ్ము మట్టి మీద పడి ఉంది. ఎర్ర దారంతో సహా. మొక్క బతుకుతుంది. కొమ్మ కణుపు దగ్గర గోటితో గీరి చూశాను, లోపల పచ్చగానే ఉంది.

కాయ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత కిందికి వెళ్ళాను. గురువారం కాదు. గ్రంథం తీసుకెళ్ళలేదు.

గిన్నె లేదు. వానకోటు ముసుగు మడిచి మంచం కాళ్ళ వైపు ఉంది. ముసలావిడ మీద ఉతికిన నూలు దుప్పటి.

"రెండు రోజుల నుంచి పొద్దుటిపూట కునుకు పట్టడం లేదు నాయనా" అంది. "చప్పుడు లేకపోతే ఏదోలా ఉంది."

"మళ్ళీ డ్రమ్ము పెట్టమంటారా పెద్దమ్మా?"

"చాల్లే, నోరుమూసుకో." నవ్వింది. "చేతిలో ఏంటది?"

ఇచ్చాను. దారం పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసింది.

"దీని కోసమేనా?"

"దీని కోసమే."

"ఏం పూసేది?"

చెప్పాను. బూడిద అని, ఊదా అని, తెల్ల గీత అని, అలాంటిది లోకంలో ఎక్కడా లేదని. గొంతు తగ్గించకుండానే చెప్పాను. ముందు గదిలో మిషను ఆగింది. టైలరమ్మ వింటోందని తెలిసింది.

ముసలావిడ బొటనవేలి గోరు కాయ గీత మీద ఆనించి నొక్కింది. పచ్చికాయ, కష్టంగా విచ్చింది. లోపల అరల్లో గింజలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ తెల్లగా, మెత్తగా, నీళ్ళగా. నల్లబడితే బతికేవి. ఒక్కటి కూడా నల్లబడలేదు.

"పనికొస్తాయా?"

"రావు."

ఆవిడ ఒక గింజ గోటితో తీసింది. నాకు అడ్డుపడే వ్యవధి ఇవ్వకుండా నోట్లో వేసుకుంది. ముందు పళ్ళతో నెమ్మదిగా నమిలింది, ఏదో తేల్చుకోవలసినట్టు.

"చప్పగా ఉంది" అంది.

దుప్పటి మీదనుంచి ఆవిడ ముందుకు చాపిన కాయలోంచి నేనూ ఒకటి తీసుకున్నాను. నమిలాను.

చప్పగానే ఉంది.